సీ3ఆర్ చేయించిన కంట్లో హెర్పిస్ వచ్చింది, రెండో కంటికి చేయించవచ్చా?

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. 19 ఏళ్ల మీ తమ్ముడికి రెండు కళ్లలోనూ కెరటోకోనస్ ఉంది, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర అయిన కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు. త్వరగా ముదురుతున్న కుడి కంటికి ముందు సీ3ఆర్, అంటే విటమిన్ చుక్కలు, కాంతితో ఆ పొరను గట్టిపరిచే చికిత్స, చేశారు. అయిదో రోజు, గాయం మానేదాకా కంటిని కప్పి ఉంచే బ్యాండేజ్ లెన్స్ తీసేసి, కన్ను బాగానే మానుతోందన్నారు. మరో మూడు రోజులకు మళ్లీ ఎరుపు, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం మొదలయ్యాయి. యాంటీబయాటిక్ చుక్కలు మార్చి చూశారు, తగ్గలేదు. కార్నియా స్పెషలిస్టు దగ్గరికి వెళితే హెర్పిస్ అని చెప్పి, స్టెరాయిడ్ చుక్కలు ఆపించి, ఎసైక్లోవిర్ అనే యాంటీవైరల్ ఆయింట్‌మెంటూ మాత్రలూ రాశారు. ఇప్పుడు మీకున్న సందేహాలు నాలుగు: థియేటర్‌లో శుభ్రత లేక ఇది అంటిందా, చూపు వెనక్కి వస్తుందా, ఎడమ కంటికి కూడా చేయించాలా మానాలా, ఆ జబ్బు పేరు విన్నప్పటి నుంచి ఏడుస్తున్న అమ్మకు ఏం చెప్పాలి.

కార్నియా వైద్యంలో చాలా ఏళ్లుగా ఉన్నాను. కన్ను చూడకుండా మందులు మార్చమని చెప్పను, మీరూ నా మాట విని ఏ మందూ మార్చకండి. కానీ ఇక్కడ జరిగిందేమిటో, ఇక ముందు ఏం అడగాలో వివరంగా చెప్పగలను.

ముందు అమ్మగారి సంగతి. హెర్పిస్ అనగానే మనవాళ్లకు సుఖవ్యాధే గుర్తొస్తుంది, అందుకే ఆ కన్నీళ్లు. ఇలా కంటికి వచ్చేది మాత్రం దాదాపు ఎప్పుడూ హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లో మొదటి రకం. జ్వరం తగ్గుతుండగా పెదవి అంచున గుంపుగా లేచే చిన్న నీటి పొక్కులు ఉంటాయే, వాటికి కారణం ఈ వైరసే. ఎక్కువమందికి ఇది పసితనంలోనే, ముద్దు చేసే పెద్దవాళ్ల లాలాజలం నుంచి వచ్చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 50 ఏళ్లలోపు జనాభాలో ఇంచుమించు మూడింట రెండు వంతుల మందిలో ఈ మొదటి రకం ఉంది. అంటే ఈ సమాధానం చదివేవాళ్లలో కూడా ఎక్కువమంది ఒంట్లో ఉండి ఉంటుంది. వాళ్లలో చాలామందికి జీవితంలో ఒక్క పొక్కు కూడా లేవదు. మీ తమ్ముడి నడవడికకీ దీనికీ ఏ సంబంధమూ లేదని అమ్మగారికి సూటిగా చెప్పండి. సిగ్గుపడి దాచాల్సిన జబ్బు కాదిది. దాస్తేనే నష్టం, ఎందుకంటే ఇక మీదట కంటికి ఏ వైద్యం చేయించినా ఈ సంగతి డాక్టరుకు మొదటే చెప్పాలి.

ఇక ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్న. ఈ వైరస్ ఒకసారి ఒంట్లోకి వచ్చాక పూర్తిగా పోదు. ముఖానికీ కంటికీ స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి మూలంలో, పుర్రె అడుగుభాగంలో ఉండే నాడీకణాల ముడిలో చేరి ఏళ్ల తరబడి ఏ గొడవా చేయకుండా ఉంటుంది. ఆ నాడి కొమ్మల్లో ఒకటి పెదవికి, ఒకటి కంటికి వెళుతుంది. ఎప్పుడైనా కదలిక వస్తే ఆ నాడి వెంటే కిందికి దిగి, చేరిన చోట కణాలను పాడుచేస్తుంది. అందువల్ల మీ తమ్ముడి కంట్లో వైరస్ థియేటర్ గాలి నుంచో, పరికరాల నుంచో వచ్చిందనుకోవడం కంటే, అతని నాడిలో ఎప్పటి నుంచో ఉన్నదే ఇప్పుడు లేచిందనుకోవడమే సబబు. శుభ్రత లోపం వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు సీ3ఆర్ తర్వాత లేకపోలేదు. అవి ఎక్కువగా బ్యాక్టీరియావి, అప్పుడప్పుడూ ఫంగస్‌వి. వాటి వరస వేరు.

మరి ఇన్నేళ్లూ లేవనిది ఇప్పుడే ఎందుకు లేచింది? సీ3ఆర్‌లో ఏం చేస్తారో చూస్తే తెలుస్తుంది. 2003లో జర్మనీలోని డ్రెస్డెన్ వైద్యులు ప్రచురించిన పద్ధతే ఇప్పటికీ ప్రామాణికం. కార్నియాకు పైన ఎపిథీలియం అనే పలచని చర్మం లాంటి పొర ఉంటుంది. దాన్ని 8 నుంచి 9 మిల్లీమీటర్ల వెడల్పున గీకి తీసేస్తారు. తర్వాత 0.1 శాతం రైబోఫ్లేవిన్ చుక్కలు, అంటే బి2 విటమిన్, అరగంట వేస్తారు. ఆపైన 370 నానోమీటర్ల ప్రాంతపు అతినీలలోహిత కాంతిని మరో అరగంట పడనిస్తారు. కాంతి తీవ్రత పెంచి ఈ సమయాన్ని పది నిమిషాలకు తగ్గించిన పద్ధతి కూడా ఇప్పుడు వాడుకలో ఉంది. విటమిన్, కాంతి, ఆక్సిజన్ కలిసి కార్నియాలోని కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు వేస్తాయి. పొర గట్టిపడి, ముందుకు పొడుచుకురావడం ఆగుతుంది. చివర బ్యాండేజ్ లెన్స్ పెట్టి, యాంటీబయాటిక్ చుక్కలు, వాపు తగ్గడానికి కొన్ని వారాలపాటు స్టెరాయిడ్ చుక్కలు ఇస్తారు.

ఇందులో హెర్పిస్‌ను లేపే కారణాలు ఒకటి కాదు, నాలుగున్నాయి. అతినీలలోహిత కాంతి ఈ వైరస్‌ను లేపుతుందని చాలాకాలంగా తెలుసు, ఎండలో తిరిగొచ్చాక పెదవి మీద పొక్కులు రావడం చాలామందికి అనుభవమే. ఎపిథీలియం తీయడం వల్ల అయ్యే గాయం రెండో కారణం. ఆ గాయంతోపాటు కార్నియా పైపొరలోని సన్నని నాడీపోగులు దెబ్బతింటాయి, అది మూడోది. నాలుగోది స్టెరాయిడ్. అది వైరస్‌ను లేపడం కంటే లేచినదాన్ని ఒళ్లు అడ్డుకోకుండా చేస్తుంది. ఇన్ని ఒకే వారంలో కలిసినా ఈ చికిత్స చేయించుకున్నవాళ్లలో అత్యధికులకు ఏమీ కాదు. వైద్య పత్రికల్లో 2007 నుంచి ఇలాంటి కేసులు ఒకటొకటిగా నమోదవుతున్నాయి. వాటిలో ముందెప్పుడూ కంటికి హెర్పిస్ రాని మనుషులు కూడా ఉన్నారు. అరుదైనదే, అయినా ఊహించలేనిది కాదు.

మీరు రాసిన ఒక మాట దగ్గర నేను ఆగాను. చిన్నప్పటి నుంచి అతనికి ఎలర్జీ అనీ, ఎండాకాలంలో కళ్లు తెగ నలుపుకునేవాడనీ రాశారు. కెరటోకోనస్ పిల్లల్లో ఇది మేం రోజూ వినే కథ. నలుపుకోవడం కార్నియాను బలహీనపరుస్తుంది. అదే ఎలర్జీ తత్వం, ముఖ్యంగా ఒంటి మీద గజ్జి లాంటి ఎటోపిక్ చర్మవ్యాధి లేదా ఉబ్బసం ఉన్నవాళ్లలో, కంటి హెర్పిస్ ముప్పును కూడా పెంచుతుంది. మామూలుగా ఒక కంటికే వచ్చే ఈ జబ్బు అలాంటివాళ్లలో రెండు కళ్లకూ వచ్చే అవకాశం ఎక్కువ. ఎడమ కంటి గురించి ఆలోచించేటప్పుడు ఈ విషయం లెక్కలో ఉండాలి. మీ డాక్టరుకు అతని ఎలర్జీ, ఉబ్బసం, చర్మం సంగతులు చెప్పారో లేదో నాకు తెలియదు, చెప్పకపోతే ఈ వారమే చెప్పండి.

మొదటి డాక్టరు యాంటీబయాటిక్ మార్చి చూశారని మీకు కోపంగా ఉంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ సీ3ఆర్ అయిన రెండో వారంలో ఈ జబ్బును గుర్తించడం ఎందుకు కష్టమో కూడా వినండి. పుస్తకాల్లో హెర్పిస్ పుండు ఎండిన కొమ్మలా చీలుతూ ఉంటుంది, ప్రతి కొమ్మ చివరా చిన్న ఉబ్బు. పసుపురంగు ఫ్లోరెసిన్ వేసి నీలికాంతిలో చూస్తే మెరుస్తుంది. అయితే గీకేసిన ఎపిథీలియం నాలుగు వైపుల నుంచి పెరుగుతూ మధ్యలో కలుసుకునే చోట కూడా కొమ్మల ఆకారంలోనే ఒక గీత పడుతుంది. అది మామూలు మానుడు గీత, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఆ రోజుల్లో స్లిట్ ల్యాంప్ అనే కంటి సూక్ష్మదర్శినిలో చూసే డాక్టరుకు రెండూ ఒకలాగే కనిపించవచ్చు. ఇంకో గుర్తు ఉంది: హెర్పిస్ వచ్చిన కార్నియాకు స్పర్శ తగ్గుతుంది, దూది పోగుతో తాకితే రెప్ప వేయరు. ఇక్కడ అదీ పనికిరాదు, సీ3ఆర్ వల్లనే కొన్ని నెలలపాటు స్పర్శ తగ్గి ఉంటుంది. కార్నియాలో కనిపించే పల్చటి మసక కూడా ఈ చికిత్స తర్వాత మామూలే. లెన్స్ పెట్టుకున్నచోట అంచుల్లో తెల్లటి మచ్చలు, సూక్ష్మజీవులు లేకుండానే వాపు వల్ల రావచ్చు. నిజమైన బ్యాక్టీరియా పుండు అయితే గంటల్లో ముదురుతుంది, కాబట్టి ముందు దాన్ని అనుమానించి యాంటీబయాటిక్ వేయడం తప్పు నిర్ణయం కాదు.

నేను తప్పుపట్టేది ఒకటే, అదీ జరిగి ఉంటేనే. చికిత్సకు ముందు ‘పెదవి మీద పొక్కులు ఎప్పుడైనా వచ్చాయా, చిన్నప్పుడు ఒక కన్ను ఎర్రబడి వారాల తరబడి బాధపెట్టిందా’ అని ఎవరూ అడగకపోతే అది లోపమే. ఒక్క నిమిషం పట్టే ప్రశ్న అది. పెదవి పొక్కులు వచ్చిన ప్రతి ఒక్కరికీ మాత్రలు ఇవ్వాలని నేననను. కంటికి హెర్పిస్ వచ్చి వెళ్లినవాళ్లకు మాత్రం ముందుజాగ్రత్త లేకుండా సీ3ఆర్ చేయకూడదు. ఏమీ రాలేదని మీ తమ్ముడు చెప్పి ఉంటే, ఇది ముందే కనిపెట్టగలిగేది కాదు.

అనుమానం తీరాలంటే పుండు అంచు నుంచి కొద్దిగా గీకి పీసీఆర్ పరీక్షకు పంపవచ్చు, పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఆ వసతి ఉంటుంది. ఫలితం వచ్చేదాకా మందు ఆపనక్కర్లేదు. పీసీఆర్‌లో లేదని వచ్చినా, చూసిన డాక్టరుకు పుండు హెర్పిస్‌లాగే అనిపించి మందుకు మానుతుంటే, ఆ మందునే పూర్తిచేయించడం మంచిది.

స్టెరాయిడ్ గురించి మీ ఇంట్లో గందరగోళం ఉందని అర్థమైంది: ఒకరు ఇచ్చారు, ఇంకొకరు ఆపించారు, రేపు మళ్లీ ఇస్తే ఎవరిని నమ్మాలి? ఇద్దరూ సరైనవాళ్లే అయి ఉండవచ్చు. వైరస్ పైపొరలో బతికి ఉండి పుండు చేస్తున్నప్పుడు స్టెరాయిడ్ వేస్తే ఆ పుండు కొమ్మ ఆకారం పోయి పటంలా వెడల్పుగా పరుచుకుంటుంది. అందుకే ఇప్పుడు ఆపారు. కొందరిలో పైపుండు మానాక లోపలి పొరలో, అంటే స్ట్రోమాలో, వాపు మొదలవుతుంది. కార్నియా మధ్యలో గుండ్రంగా ఉబ్బి మసకబారుతుంది, లోపల ఐరిస్ అనే రంగు పొర కూడా వాచవచ్చు, కంటి ఒత్తిడి పెరగవచ్చు. అది వైరస్ మీద ఒళ్లు చేసే పోరాటం వల్ల వచ్చే నష్టం. అక్కడ స్టెరాయిడ్ చుక్కలే మందు, యాంటీవైరల్ కవచం కింద. అమెరికాలో జరిగిన హెర్పిస్ కంటివ్యాధుల అధ్యయనం 1994లోనే దీన్ని తేల్చింది. కాబట్టి రేపు డాక్టరు స్టెరాయిడ్ మళ్లీ మొదలుపెడితే ఎసైక్లోవిర్ కొనసాగుతోందా అని ఒక్క మాట అడగండి. కొనసాగుతుంటే భయపడకండి. అలాగే ఆ చుక్కల్ని మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయకండి, మెల్లగా తగ్గించాలి.

మందుల విషయంలో ఒక ప్రమాదం గురించి తప్పక చెప్పాలి. ఎసైక్లోవిర్ కంటి ఆయింట్‌మెంట్ 3 శాతం ఉంటుంది. అదే మందు పెదవికీ చర్మానికీ రాసే క్రీముగా 5 శాతంలో అమ్ముతారు. అది కంట్లో పెట్టేది కాదు. చీటీలో ‘ఎసైక్లోవిర్’ అని చూసి మెడికల్ షాపులో పొరపాటున ఆ క్రీము చేతిలో పెట్టిన సందర్భాలు నేను చూశాను. ట్యూబు మీద కంటికి అని రాసి ఉందో లేదో మీరే చదవండి. కంటి ఆయింట్‌మెంట్ సాధారణంగా రోజుకు అయిదుసార్లు పెడతారు. దాని బదులు గాన్‌సైక్లోవిర్ 0.15 శాతం జెల్ ఇస్తే పుండు మానేదాకా రోజుకు అయిదుసార్లు, తర్వాత ఒక వారం మూడుసార్లు పెట్టడం వాడుక. మాత్రలైతే పెద్దవాళ్లకు 400 మిల్లీగ్రాములు రోజుకు అయిదుసార్లు. మూత్రపిండాల జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి, అది ముందే చెప్పాలి. మాత్రలు వేసుకునే రోజుల్లో నీళ్లు బాగా తాగమనండి. తగ్గిందని నాలుగో రోజే ఆయింట్‌మెంట్ మానడం ఎంత తప్పో, చెప్పిన గడువు దాటాక ఇంకా మంచిదని వారాల తరబడి రాయడం కూడా అంతే తప్పు. ఎక్కువ రోజులు వాడితే ఆ మందే పైపొరను గరుకుబరుస్తుంది, మానని పుండు అన్న భ్రమ కలిగిస్తుంది.

రోజూ ఇంట్లో గమనించాల్సింది నొప్పిని ఒక్కదాన్నే కాదు. స్పర్శ తగ్గిన కన్ను కాబట్టి పుండు పెరుగుతున్నా నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. నొప్పి లేదు కదా అని అపాయింట్‌మెంట్ వాయిదా వేయకండి. ఎరుపు పెరగడం, చూపు నిన్నటికంటే ఈ రోజు మసకగా ఉండటం, వెలుతురు పడకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లచుక్క కనిపించడం, వీటిలో ఏదైనా ఉంటే అదే రోజు వెళ్లండి, మర్నాటికి ఆగవద్దు. ఫోన్‌లో ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో, రోజూ ఒకే వేళకు కంటి ఫొటో తీసి పెట్టుకుంటే డాక్టరుకు చాలా ఉపయోగపడుతుంది.

ఎర్రకన్నుకు చుక్కలు ఇవ్వండని షాపులో అడిగితే మన ఊళ్లలో ఎక్కువగా చేతికొచ్చేది యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన సీసానే. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, లోటెప్రెడ్నాల్, ఫ్లోరోమెథోలోన్, ఈ పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడే. మీ తమ్ముడు జన్మలో వీటిని చీటీ లేకుండా కంట్లో వేసుకోకూడదు, హాస్టల్లో స్నేహితుడి సీసా అయినా సరే. సీ3ఆర్ నొప్పికి తట్టుకోలేక మత్తు చుక్కలు, అంటే ప్రొపారకైన్, సంపాదించి వేసుకునేవాళ్లు కూడా ఉంటారు. అది కార్నియాను మాననివ్వదు, ఇంట్లో ఉంటే పారేయండి. ఆముదం, చనుబాలు, తేనె, ఏవీ వద్దు. అమ్మమ్మలు ప్రేమతోనే చెబుతారు, ప్రేమగానే వద్దనండి.

కళ్లకలకలా ఇది ఇంట్లో అందరికీ అంటుకుంటుందా అని మీ వదిన అడిగారట. 2023 వానాకాలంలో తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటా వచ్చిన కళ్లకలక వేరే వైరస్‌లది, అది చేతుల ద్వారా చాలా వేగంగా పాకుతుంది. హెర్పిస్ అలా పాకదు. అయినా టవల్, దిండు గలేబు విడిగా ఉంచండి, మందు వేశాక చేతులు కడుక్కోండి. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా పాటించండి: వదినగారి చేతిలో నెలల పాపాయి ఉందన్నారు కదా. ఇంట్లో ఎవరికైనా, మీ తమ్ముడికే కాదు, పెదవి మీద పొక్కులు ఉన్నప్పుడు పాపకు ముద్దు పెట్టకూడదు. పురిటి రోజుల్లో పసిబిడ్డకు ఈ వైరస్ సోకితే ప్రాణం మీదికి రావచ్చు.

చూపు సంగతికి వస్తాను. పుండు పైపొరలోనే ఉంటే మందులతో సాధారణంగా ఒకటి రెండు వారాల్లో మానుతుంది, మచ్చ మిగలదు, మిగిలినా పలచగా ఉంటుంది. లోపలి పొరకు దిగితే నెలలు పడుతుంది, మచ్చ మిగలవచ్చు. పెద్దవాళ్లు కంట్లో పువ్వు పడిందనేది అలాంటి మచ్చనే. ఇప్పుడున్న మసక ఎంత హెర్పిస్‌దో, ఎంత సీ3ఆర్‌దో ఈ దశలో ఎవరూ విడదీసి చెప్పలేరు. సీ3ఆర్ మసక మొదటి నెలల్లో ఎక్కువగా ఉండి ఏడాదిలోపు క్రమంగా తగ్గుతుంది. అందుకని ఈ నెలలో పవర్ పరీక్ష చేయించి కొత్త అద్దాలకు డబ్బు పెట్టకండి. కెరటోకోనస్‌కు వాడే రోజ్-కె, స్క్లెరల్ కాంటాక్ట్ లెన్సుల ప్రయత్నం కూడా కన్ను పూర్తిగా నెమ్మదించాకే.

చేసిన సీ3ఆర్ వృథా అయినట్టేనా అని మీరు అడగలేదు కానీ అది మీ మనసులో ఉండే ఉంటుంది. కొల్లాజెన్ బంధాలు ఆ రోజు కాంతి పడుతుండగానే ఏర్పడ్డాయి. పైపొర పుండు వాటిని విప్పలేదు. స్ట్రోమా కరిగేంత తీవ్రమైన జబ్బు అయితే లెక్క వేరు, మీరు చెప్పినదాంట్లో ఆ లక్షణాలు లేవు. మూడో నెల, ఆరో నెల, ఏడాదికి తీసే టోపోగ్రఫీలు, అంటే కార్నియా వంపును చూపే పటాలు, అసలు సంగతి చెబుతాయి. మొదటి నెల పటంలో వంపు కాస్త పెరిగినట్టు కనిపించడం మామూలే, దాన్ని చూసి కంగారు పడొద్దు.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన ప్రశ్న, ఎడమ కన్ను. ఇంట్లో అందరూ ఇక వద్దే వద్దు అంటున్నారని రాశారు. నేను ఆ మాటతో ఏకీభవించను. హెర్పిస్‌కు మందు ఉంది, ముందుగానే ఇచ్చి అడ్డుకునే వీలుంది. ముదిరిపోయిన కెరటోకోనస్‌ను మాత్రం వెనక్కి తిప్పే మందు లేదు. 19 ఏళ్ల వయసులో, కళ్లు నలుపుకునే పిల్లవాడిలో ఇది ఆగుతుందని నమ్మి కూర్చుంటే చివరికి కార్నియా మార్పిడి దాకా పోవచ్చు. హెర్పిస్ తత్వం ఉన్న మనిషికి ఆ మార్పిడి మామూలు కెరటోకోనస్ మనిషికి చేసినంత సులువు కాదు. అతికించిన కార్నియాలోనూ వైరస్ తిరిగి రావచ్చు, ఒళ్లు దాన్ని తిరస్కరించే ప్రమాదం పెరుగుతుంది, యాంటీవైరల్ మాత్రలు చాలాకాలం వాడాలి. సీ3ఆర్ ముప్పును, మార్పిడి ముప్పును పక్కపక్కన పెట్టి తూచాలి.

అలాగని వచ్చే నెలే పరుగెత్తమని అననుగాక అనను. ముందు కుడి కన్ను పూర్తిగా మానాలి, ఎరుపు, స్టెరాయిడ్ రెండూ పోవాలి. ఈలోపు ఎడమ కంటికి మూడు నెలలకోసారి టోపోగ్రఫీ తీయించండి, వీలైతే అదే ఆసుపత్రిలో, అదే యంత్రం మీద. వేర్వేరు యంత్రాల అంకెలు పోల్చకూడదు. కార్నియాలో అత్యధిక వంపును చూపే కె-మ్యాక్స్ అనే అంకె ఏడాదిలో 1 డయాప్టర్‌కు మించి పెరుగుతున్నా, మందం తగ్గుతున్నా, సిలిండర్ పవర్ మారుతున్నా అది ముదురుతున్నట్టే. ఏమీ మారకపోతే ఆగవచ్చు, ఆ ఆగడం కూడా లెక్క ప్రకారమే, పరీక్షలు మానకుండా. ఎలర్జీ చుక్కలు క్రమంగా వాడి, కళ్లు నలపడం మానిపిస్తే కొంత సమయం దొరుకుతుంది. ఇది మందంత పని చేస్తుందని నేను ప్రతి తల్లిదండ్రులకూ చెబుతాను.

చేయాల్సి వస్తే మాత్రల రక్షణలో చేయాలి. 1998లో అదే అమెరికా అధ్యయనం 703 మందిలో తేల్చిన విషయం ఒకటుంది. అంతకుముందు కంటి హెర్పిస్ వచ్చినవాళ్లకు ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఏడాదిపాటు ఇస్తే, ఆ ఏడాదిలో మళ్లీ రావడం 32 శాతం నుంచి 19 శాతానికి తగ్గింది. అది సీ3ఆర్ రోగుల మీద చేసింది కాదు, కానీ మేం ఈ సందర్భంలో ఆనుకునే ఆధారం అదే. నేనైతే చికిత్సకు కొన్ని రోజుల ముందే ఆ మోతాదు మొదలుపెట్టి, పైపొర మానినంత మాత్రాన ఆపకుండా, స్టెరాయిడ్ చుక్కలు పూర్తిగా అయిపోయి ఇంకొంత కాలం గడిచేదాకా కొనసాగిస్తాను. స్టెరాయిడ్‌ను అవసరమైనంతకే పరిమితం చేస్తాను. మొదటి రెండు వారాల్లో మామూలు కంటే ఎక్కువసార్లు చూస్తాను. మాత్రలు వేసుకున్నా కొందరికి వస్తుంది, అందుకే ఆ చూడటం. ఎపిథీలియం తీయకుండా చేసే పద్ధతి గురించి మీకు ఎవరైనా చెప్పవచ్చు. గాయం తక్కువ, నొప్పి తక్కువ, నిజమే. అతినీలలోహిత కాంతి మాత్రం అందులోనూ పడుతుంది, కెరటోకోనస్‌ను ఆపే బలం ప్రామాణిక పద్ధతికే ఎక్కువ. దాన్ని ఎంచుకున్నా మాత్రలు మానకూడదు.

ఇంకో సంగతి. బ్యాక్టీరియా పుండ్లకు ఇదే రైబోఫ్లేవిన్, కాంతి చికిత్సను కొన్నిచోట్ల వాడతారని ఇంటర్నెట్‌లో చదివి, కుడి కంటికి మళ్లీ అది చేయిస్తే వైరస్ చచ్చిపోతుందేమో అని అడిగారు. వద్దు. హెర్పిస్ పుండుకు అది చేయకూడదు, లేపిన కారణాన్నే మళ్లీ ప్రయోగించినట్టవుతుంది.

ఈ వారం డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు సీ3ఆర్ డిశ్చార్జి కాగితం, ఇప్పటిదాకా వాడిన ప్రతి చుక్కల సీసా, రెండు కళ్ల పాత టోపోగ్రఫీలు తీసుకెళ్లండి. కుడి కంట్లో జబ్బు పైపొరలోనే ఉందా, లోపలికి దిగిందా అని అడిగి, ఆ సమాధానం ఫైల్లో రాయించండి. ఫైలు మొదటి పేజీ మీద ‘కంటి హెర్పిస్ వచ్చింది’ అని పెద్ద అక్షరాల్లో ఉండాలి. రేపు పదేళ్లకు అతను బెంగళూరులోనో డల్లాస్‌లోనో లెన్స్ కోసమో, మరో చికిత్స కోసమో వెళ్లినా ఆ డాక్టరుకు మొదట తెలియాల్సింది అదే.

చివరగా మీ గురించి. కెరటోకోనస్ కుటుంబాల్లో కనిపించే జబ్బు. మీకూ చిన్నప్పటి నుంచి అద్దాలున్నాయనీ, ఈమధ్య సిలిండర్ పవర్ మారిందనీ మాటల్లో రాశారు. తమ్ముడితోపాటు వెళ్లినప్పుడే మీ రెండు కళ్లకూ ఒకసారి టోపోగ్రఫీ చేయించుకోండి.